డ్రైవర్ రాని రోజు

డ్రైవర్ అంటే మా కొండల్లో ఒకటే అర్థం. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్‌రోడ్డు మీద, ఓ పక్క కొండ, ఇంకో పక్క లోయ పెట్టుకుని, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ బస్సును అరకు చేర్చే మనిషి. ఆయన ఓ రోజు రాకపోతే ఏమవుతుంది? బస్సుకేం కాదు. ఇంజిను బాగానే ఉంటుంది. టైర్లలో గాలి ఉంటుంది. ట్యాంకులో డీజిల్ ఉంటుంది. సంతకు వెళ్లేవాళ్లు మూటలు సర్దుకుని సీట్లలో కూర్చునే ఉంటారు. బస్సు మాత్రం కదలదు.

కంప్యూటర్లోనూ ఓ డ్రైవర్ ఉంటాడనీ, ఆయన రాకపోతే అక్కడా ఇదే పరిస్థితి అనీ చెబితే మా హాస్టల్ పిల్లలు పగలబడి నవ్వారు. ‘మరి కండక్టర్ ఉండడా సార్?’ అంది తొమ్మిదో తరగతి అమ్మాయి. ‘ఉంటాడు. అదిగో, ఆ తీగలోని రాగి. కరెంటును మోసేది అదే’ అన్నాను. ఆ రోజుకి అదో జోకు. కొద్దిరోజులు గడిచాయో లేదో ఆ ఇద్దరూ... డ్రైవరూ, కండక్టరూ... ఒకరి తర్వాత ఒకరు మా చేత మూడు చెరువుల నీళ్లు తాగించారు.

అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే దారికి కాస్త లోపలగా, కొండవాలులో ఓ చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడపిల్లల హాస్టల్ మాది. చుట్టుపక్కల గూడేల పిల్లలు అక్కడుండి దగ్గర్లోని బడిలో చదువుకుంటారు. సాయంత్రాలు, ఆదివారాలు వాళ్లకు కంప్యూటర్ నేర్పడం నా పని. ఎవరో వాడి ఇచ్చేసిన ఎనిమిది కంప్యూటర్లు, ఓ ప్రింటర్, ఇంటికప్పు మీద ఓ ఇనుప స్తంభం, దాని పైన అరచేయంత డబ్బా. మా ఆస్తి అంతే. ఈ కథంతా ఆ డబ్బాది.

గాలిలో వేసిన దారి

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. విశాఖపట్నం నుంచి రోడ్డున వస్తే దాదాపు 115 కిలోమీటర్లు. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడానికి కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం వేశారు. కొండల్ని తొలుచుకుంటూ పోతే తప్ప దారి దొరకలేదు. అందుకే విశాఖలో రైలెక్కిన పిల్లలు అరకు వచ్చేలోగా సొరంగాలు లెక్కపెడతారు, ప్రతి చీకట్లోనూ కేకలు పెడతారు.

రైలు కోసమైతే కొండను తొలవొచ్చు. వైఫై తరంగానికి ఆ వీలు లేదు. ఎదురుగా కొండ నిలబడితే అక్కడితో ఆగిపోతుంది. దానికి కావాల్సింది కంటిచూపు లాంటి దారి. ఈ స్తంభం ఆ స్తంభానికి కనిపించాలి. మధ్యలో కొండ కొమ్ము గానీ, గుబురు చెట్టు గానీ ఉండకూడదు. మా అదృష్టం కొద్దీ హాస్టల్ కప్పు మీద నిలబడితే లోయ అవతల, ఆరు కిలోమీటర్ల దూరంలో ఓ మేడ కనిపిస్తుంది. కేబుల్ ఇంటర్నెట్ ఆ మేడ దాకా వచ్చింది. అక్కడో డబ్బా, ఇక్కడో డబ్బా. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ మాట్లాడుకుంటాయి. తవ్వకం లేదు, తీగ లేదు.

దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లోనే అనుమతిచ్చారు. 2018లో 5 గిగాహెర్ట్జ్ వైపు కూడా తలుపులు బాగా తెరిచారు. మా డబ్బా ఆ 5 గిగాహెర్ట్జ్‌దే.

కాంతితోనూ ఈ పని చేయొచ్చు. 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ‘ఎక్స్’ అనే విభాగం మన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థతో కలిసి, కాంతిపుంజాలతో ఇంటర్నెట్‌ను మోసే లింకులు 2 వేలు పెడతామని ప్రకటించింది. ఆ వార్త చదివి పిల్లలు సంబరపడ్డారు గానీ, అరకు పొగమంచు తెలిసినవాళ్లకు ఓ చిక్కు వెంటనే తడుతుంది. జనవరి పొద్దున పది అడుగుల అవతలి మనిషి కనిపించని చోట కాంతికి మాత్రం దారెలా కనిపిస్తుంది? మంచు కాంతిని మింగేస్తుంది. వైఫై తరంగాన్ని మాత్రం పెద్దగా ఏమీ చేయలేదు. కాబట్టి మా కొండకు మా డబ్బానే గొప్ప.

‘కార్డు పోయింది’

2019 ఆగస్టు. నాలుగు రోజులుగా ముసురు. చోడి చేలల్లో కలుపు తీసే రోజులు. ఓ ఉదయం చూస్తే నెట్ లేదు. డబ్బా మీద లైట్లు మాత్రం చక్కగా వెలుగుతున్నాయి.

మామూలు రోజైతే పెద్ద బాధ లేదు. కానీ ఉపకారవేతనాల దరఖాస్తులు ఆన్‌లైన్లో నింపాల్సిన సమయమది. మా హాస్టల్లో 23 మంది పిల్లలవి ఉన్నాయి. గడువు ఇంకా తొమ్మిది రోజులే. నెట్ లేకపోతే ఒకటే దారి. పిల్లనీ, తండ్రినో తల్లినో జీపెక్కించి అరకులో నెట్ సెంటర్‌కి పంపాలి. అక్కడ క్యూ. సర్వర్ పనిచేయకపోతే మర్నాడు మళ్లీ రావాలి. జీపు చార్జీలు పోను, రెండు రోజుల కూలి పోతుంది. కలుపు రోజుల్లో ఆ కూలి పోగొట్టుకోలేక దరఖాస్తునే వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు.

కొండ మీది పనసచెట్టు దగ్గర ఫోనుకు రెండు గీతల సిగ్నల్ దొరుకుతుంది. అక్కడికెళ్లి, ఆ డబ్బాల బాగోగులు చూసే నగరంలోని కుర్రాడికి ఫోన్ చేశాను. లైట్లు వెలుగుతున్నాయా అని అడిగాడు. వెలుగుతున్నాయన్నాను. ‘అయితే వైర్‌లెస్ కార్డు పోయింది సార్. డబ్బా దింపి వైజాగ్ పంపండి. కొత్త కార్డు వేయాలి. వారం, పది రోజులు పట్టొచ్చు’ అన్నాడు.

హాస్టల్‌కి తిరిగొచ్చి ఆ మాట చెబితే, మా వాచ్‌మన్ తాత ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ‘నెట్టు మన కొండకి పడదు మాష్టారూ. ఏటి సేత్తాం!’ అన్నాడు. కొన్ని నేలలకి కొన్ని పంటలు పడవు అన్నంత మామూలుగా.

నన్ను కలవరపెట్టింది ఆ మాటే. నాడి పట్టకుండా, నాలుక చూడకుండా ‘గుండె పోయింది’ అని చెప్పే వైద్యుణ్ణి మనం ఒప్పుకోం కదా! మరి డబ్బా మూతయినా తీయకుండా కార్డు పోయిందని ఎలా ఒప్పుకోవాలి?

మూడు ప్రశ్నలు

ఆ సాయంత్రం పదో తరగతి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టుకుని, డబ్బాకు తీగతో ఓ కంప్యూటర్ కలిపాను. అడగాల్సిన ప్రశ్నలు మూడే మూడు.

మొదటిది, డబ్బా బతికే ఉందా? బతికే ఉంది. తీగ ద్వారా అడిగితే బదులిస్తోంది. రూటర్ అనేది నిజానికి ఓ చిన్న కంప్యూటర్. దాని తల పనిచేస్తోందన్నమాట.

రెండోది, కార్డు కనిపిస్తోందా? మా డబ్బాలో వైర్‌లెస్ కార్డు విడిగా ఉంటుంది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, ఓ గాడిలో దిగి కూర్చుంటుంది. ప్రతి కార్డుకూ ఫలానా కంపెనీ, ఫలానా రకం అని చెప్పే నంబరు ఉంటుంది. మన ఆధార్ లాంటిదనుకోండి. రూటర్ తనలో అమర్చిన పరికరాల జాబితా చూపిస్తుంది. అందులో మా కార్డు నంబరు ఉంది! పూర్తిగా చచ్చిన కార్డయితే సాధారణంగా ఆ జాబితాలోకే రాదు. అంటే కార్డు కూడా బతికే ఉంది. సీట్లో కూర్చునే ఉంది.

మూడోది, మరి డ్రైవర్ వచ్చాడా?

దీనికి జవాబు లాగ్‌లో ఉంటుంది. ఆసుపత్రిలో రోగి మంచానికి కట్టిన కేసు షీటు చూసి ఉంటారు. రూటర్ కూడా కరెంటు వచ్చిన క్షణం నుంచి తనకు జరిగిన ప్రతిదీ అలాగే రాసుకుంటుంది. వందల లైన్లు. అందరూ దాన్ని చూసి భయపడతారు గానీ, చదవాల్సింది అందులో నాలుగైదు లైన్లే. పిల్లలకు కార్డు పేరు చెప్పి, అది కనిపించిన చోటల్లా ఆగమన్నాను. ఓ అమ్మాయి వేలు పెట్టి ఆపింది. ఆ లైను సారాంశం ఇది: ‘కార్డు దొరికింది. దానికి ఇవ్వాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు తెద్దామని వెళ్లాను. లోపం మైనస్ 2.’

చాలా రూటర్లు లినక్స్ అనే వ్యవస్థ మీద నడుస్తాయి. దాని భాషలో మైనస్ 2 అంటే ‘అలాంటి ఫైలు లేదు’ అని.

కొంచెం వివరంగా చెబుతాను. ఇలాంటి కార్డుకు జ్ఞాపకం తక్కువ. కరెంటు పోయిన ప్రతిసారీ అంతా మరిచిపోతుంది. తిరిగి రాగానే, ఎలా పనిచేయాలో చెప్పే ఓ చిన్న ప్రోగ్రామును డ్రైవర్ తెచ్చి దానికి నేర్పాలి. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అంతకుముందు రాత్రి నగరం నుంచే రూటర్‌లోకి కొత్త వెర్షన్ ఎక్కించారు. అందులో మా పాత కార్డుకు కావాల్సిన ఫైలు లేదు. డ్రైవర్ వచ్చాడు, తాళంచెవి దొరకలేదు, దిగిపోయాడు. పైగా ఆ కొత్త వెర్షన్ వచ్చింది కూడా ఈ వైర్‌లెస్ దారినే. అది ఎక్కాక ఆ దారే మూసుకుపోయింది. ఇక నగరం నుంచి సరిచేద్దామన్నా కుదరదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే!

నడుమ దుబాసీ లేక

పిల్లలకు డ్రైవర్ అంటే ఇంకా బాగా అర్థమైంది బస్సు పోలికతో కాదు, వాళ్ల బడి అనుభవంతో.

మా హాస్టల్ పిల్లల్లో కొందరు ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. కొందరిది కువి. ఆరేళ్ల వయసులో బడికెళ్లేసరికి అక్కడ తెలుగు. పంతులుగారు మంచివారే. పిల్లా చురుకైనదే. కానీ ఆయన మాట ఈమెకు తెలియదు, ఈమె మాట ఆయనకు తెలియదు. నడుమ దుబాసీ లేడు. కొన్నాళ్లకు ‘ఈ పిల్లకి చదువు రాదు’ అని తేల్చేస్తారు. పిల్లకేం కాలేదు. పంతులుగారికీ ఏం కాలేదు. ఇద్దరినీ కలిపే మాట లేదంతే.

ఈ సంగతి గుర్తించే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే రాసిన కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర, కోయ, గోండి, కొలామి, బంజారా వాచకాలు వచ్చాయి. దుబాసీని తెచ్చి తరగతిలో కూర్చోబెట్టారన్నమాట.

డ్రైవర్ చేసేదీ ఆ దుబాసీ పనే. రూటర్‌ది ఓ భాష, కార్డుది ఇంకో భాష. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతాడు. ఇది వివరించాక పదో తరగతి అమ్మాయి ఒకతె మెల్లగా అంది, ‘అంటే సార్, కార్డుకి చదువు రాదు అని చెప్పేశారన్నమాట!’ గదిలో ఎవరూ నవ్వలేదు.

ఈ దుబాసీల కొరత మాకొక్కరికే కాదు. 2003లో లింక్‌సిస్ అనే కంపెనీ తన డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్లో వాడిన లినక్స్ ప్రోగ్రామును బయటపెట్టాల్సి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. రూటర్‌ను కొన్నవాడే తనకు నచ్చినట్టు మార్చుకునే వీలు దొరికింది. కానీ ఒక్కటి చిక్కలేదు. అందులోని వైర్‌లెస్ చిప్ డ్రైవర్! దాని రాతను చిప్ కంపెనీ ఇవ్వలేదు. ప్రపంచం నలుమూలల ఉన్న ఔత్సాహికులు ఏళ్ల తరబడి కష్టపడి సొంతంగా డ్రైవర్ రాసుకున్నారు. 2008లో ఎథెరోస్ కంపెనీ తానే ముందుకొచ్చి అందరూ చదవగలిగే డ్రైవర్ విడుదల చేసినప్పుడు వాళ్లు పండగ చేసుకున్నారు. తర్వాత వచ్చిన వేగవంతమైన చిప్‌లలో మళ్లీ ఓ మెలిక. డ్రైవర్ అందరిదీ, అది మోసుకొచ్చే ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీది. మాలాంటి వాళ్లు దాన్ని రాసుకోలేరు, పోగొట్టుకోకుండా దాచుకోవడమే.

బస్సులో వచ్చిన డ్రైవర్

తెలిసింది కదా, ఇక పాత వెర్షన్ తిరిగి ఎక్కిస్తే సరి. కానీ ఆ ఫైలు మా దగ్గర లేదు. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ లేదు. నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు!

మళ్లీ పనసచెట్టు. విశాఖలో నెట్‌వర్కు పనిచేసే ఓ మిత్రుడికి ఫోన్ చేసి డబ్బా వెనకున్న రకం నంబరు ఒక్కో అక్షరం చెప్పాను. రాత్రికి ఆయన పాత వెర్షన్ వెతికి పట్టుకున్నాడు. ఏడెనిమిది ఎంబీల ఫైలు. పనసచెట్టు సిగ్నల్‌కి అది దిగే రకం కాదు. ఆయన దాన్ని మెమరీ కార్డులో వేసి, కవర్లో పెట్టి, పొద్దున్నే కాంప్లెక్సులో అరకు బస్సు డ్రైవరు చేతికిచ్చాడు.

మధ్యాహ్నం అరకులో బస్సు దిగిన డ్రైవరుగారు జేబులోంచి కవరు తీసి, ‘మాష్టారూ, మీదేటో చిన్న సామాను పంపేరు’ అని నా చేతిలో పెట్టాడు. నా వెంట వచ్చిన పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. డ్రైవర్‌ని డ్రైవరే తెచ్చాడు మరి!

రూటర్ కొత్త వెర్షన్ సరిగా నడవకపోయినా, వెనక్కి వెళ్లేందుకు ఓ దొడ్డిదారి ఉంటుంది. కరెంటు ఇస్తూ ఓ బటన్ నొక్కి పట్టుకుంటే తీగ ద్వారా పాతది ఎక్కించుకోనిస్తుంది. పావుగంట పట్టింది. లాగ్‌లో మైనస్ 2 మాయమైంది. లోయ అవతలి డబ్బా పలికింది. గడువుకు ఇంకా ఆరు రోజులు.

సాయంత్రం ఆరున్నర

పగలంతా నెట్ బాగానే ఉంది. సాయంత్రం ఆరున్నరకి పోయింది. డబ్బా ఆర్పి వెలిగిస్తే కాసేపు వచ్చి మళ్లీ పోయింది. రాత్రి పదింటికి దానంతటదే బాగైంది. మర్నాడూ అంతే. పిల్లలు బడి నుంచి వచ్చి దరఖాస్తులు నింపేది సరిగ్గా ఆ వేళలోనే!

నగరం నుంచి మళ్లీ అదే మాట: ‘చెప్పాను కదా సార్, కార్డే.’

ఈసారి లాగ్ చదివింది నేను కాదు. ‘చదువు రాదు’ మాట అన్న అమ్మాయే. ‘సార్, ఇది మైనస్ 2 కాదు. మైనస్ 110’ అంది. మైనస్ 110 అంటే ‘పిలిచాను, గడువులోగా పలకలేదు’ అని. రెండింటికీ ఎంత తేడానో చూడండి. మొదటిసారి డ్రైవర్ దగ్గర సరంజామా లేదు. ఇప్పుడు డ్రైవర్ అన్నీ తెచ్చుకుని తలుపు కొడుతున్నాడు, లోపలున్న కార్డు లేవడం లేదు. కార్డు లేవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. గాడిలో వదులుగా ఉండొచ్చు, చెమ్మకు అంచులు మసకబారొచ్చు, వేడెక్కొచ్చు, తిండి చాలకపోవచ్చు. దించి చూశాం. అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాం. అయినా ఆరున్నరకి అదే వరస. చెమ్మకూ వదులుకూ గడియారం చూసే అలవాటు ఉండదు కదా!

అప్పుడు ఆ అమ్మాయి ఓ పుస్తకం పట్టుకొచ్చింది. మా హాస్టల్లో తక్కువ వోల్టేజీకి ఓసారి నీళ్ల మోటారు కాలిపోయింది. అప్పటి నుంచి కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, బల్బు ఎప్పుడు మసకబారింది అన్నవి టైముతో సహా రాయడం ఓ పిల్ల డ్యూటీ. ఆ నెల డ్యూటీ ఈమెదే. రూటర్ రాసుకున్న లాగ్‌నీ, ఈమె రాసిన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టింది. లాగ్‌లో మైనస్ 110 పడిన ప్రతి సాయంత్రమూ పుస్తకంలో ‘బల్బు మసక’ అని ఉంది.

మల్టీమీటర్ తెచ్చి కొలిచాం. గదిలో ఉన్న ఎడాప్టర్ 12 వోల్టులు ఇస్తోంది. అక్కడి నుంచి కప్పు మీది డబ్బాకు 40 మీటర్ల నెట్‌వర్క్ తీగ. కరెంటు కూడా ఆ సన్నటి తీగలోనే పోతుంది. పగటిపూట స్తంభం దగ్గర కొలిస్తే 10 వోల్టుల పైన కొద్దిగా ఉంది. రెండు వోల్టులు తీగే తినేసింది. సాయంత్రం లోయ అంతా దీపాలు వెలిగి వోల్టేజీ పడిపోగానే మా పాత ఎడాప్టర్ కూడా నీరసించేది. స్తంభం దగ్గర 9 వోల్టులు. డబ్బా వెనక మాత్రం ‘10 నుంచి 28’ అని అచ్చేసి ఉంది.

అదీ సంగతి! లైట్లు వెలగడానికి, రూటర్ తల పనిచేయడానికి ఆ కాస్త కరెంటు సరిపోతుంది. ఆరు కిలోమీటర్ల దూరం కేక వేయాల్సిన కార్డుకు మాత్రం చాలదు. అరవబోయి సొమ్మసిల్లుతుంది. డ్రైవర్ తట్టి లేపినా లేవదు.

మందు చవకే. 12 వోల్టుల ఎడాప్టర్ తీసేసి 24 వోల్టులది పెట్టాం. వోల్టేజీ రెట్టింపయితే అదే పనికి కరెంటు సగం చాలు. కరెంటు సగమైతే తీగలో పోయేదీ సగమే. దానికి ముందు ఓ చిన్న స్టెబిలైజర్. ఇప్పుడు స్తంభం దగ్గర కొలిస్తే 23. ఆ సాయంత్రం ఆరున్నరకు బల్బు మసకబారింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. నెట్ పోలేదు. గడువుకు ముందురోజు రాత్రి ఇరవైమూడో దరఖాస్తు వెళ్లింది. ‘పోయిన’ కార్డు అదే, ఆ గాడిలోనే ఉంది.

మనకన్నా ముందు నడిచినవాళ్లు

ఇది మేం కనిపెట్టిన వింతేం కాదు. వైఫైతో పల్లెల్ని కలిపే ప్రయత్నాలు మన దగ్గర ఎప్పుడో జరిగాయి. 2000ల మధ్యలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో ఊళ్లను ఇలాగే కలిపి దూరవైద్యం, దూరవిద్య అందించింది. కాన్పూర్ ఐఐటీ పరిశోధకుల అనుభవం దానికి తోడైంది. తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి పల్లెల్లోని కంటి కేంద్రాలను ఆసుపత్రితో కలిపింది. నర్సు పల్లెలో, డాక్టరు పట్నంలో, మధ్యలో వైఫై.

ఆ బర్క్‌లీ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన పత్రం చదివితే మా హాస్టల్ కథే అనిపిస్తుంది. పల్లెల్లో లింకులు తెగడానికి ఎక్కువగా కారణమైంది తరంగాలు కాదట, కరెంటు నాణ్యత. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు బోర్డులు కాలిపోవడం, తక్కువ వోల్టేజీకి సగం బతికి సగం చచ్చినట్టు వేలాడటం, మాటిమాటికీ ఆగి వెలగడం వల్ల లోపలి ఫైళ్లు పాడవడం. వాళ్లు చెప్పిన మరో మాట ఇంకా ముఖ్యమైనది. ఇలాంటి నెట్‌వర్కు పదికాలాలు బతకాలంటే, అక్కడుండే మనిషి దాని రోగాన్ని గుర్తుపట్టగలగాలి. పరాయి ఊరి నిపుణుడు రోజూ రాలేడు కదా!

ఆ తర్వాత మా కొండలకు చాలానే వచ్చాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూసేస్తే, ఆన్‌లైన్ పాఠాల కోసం సిగ్నల్ వెతుక్కుంటూ పిల్లలు గుట్టలెక్కారు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆ ఏడాది జులైలోనే దేశంలో 4జీ అందని 24,680 మారుమూల పల్లెలకు సిగ్నల్ ఇచ్చే పథకానికి కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. టవర్లు రావాల్సిందే, వస్తేనే మేలు. అయితే ప్రతి టవర్ కిందా, ప్రతి డబ్బాలోనూ ఓ డ్రైవర్, ఓ తీగ, ఓ కరెంటు కనెక్షన్ ఉంటాయి. అవి ఏదో ఓ ముసురు రోజు మొరాయిస్తాయి. ఆ రోజు ‘మన కొండకి పడదు’ అనుకునే ఊరికీ, ‘లాగ్‌లో ఏముందో చూద్దాం’ అనుకునే ఊరికీ చాలా తేడా ఉంటుంది.

మా హాస్టల్లో కరెంటు పుస్తకం పక్కన ఇప్పుడు ఇంకో పుస్తకం వేలాడుతోంది. దాని అట్టకు లోపల ఓ చిన్న కవరు. అందులో పాత వెర్షన్ ఉన్న ఆ మెమరీ కార్డు. మొదటి పేజీలో పిల్లలు గుండ్రటి అక్షరాలతో రాసుకున్న ప్రశ్నలు: డబ్బా పలుకుతోందా? జాబితాలో కార్డు ఉందా? లాగ్‌లో మైనస్ ఎంత? నిన్న రాత్రి ఎవరైనా ఏదైనా మార్చారా? స్తంభం దగ్గర ఎన్ని వోల్టులు? అప్పుడే బల్బు మసకబారిందా?

చివరి లైను నేను చెప్పింది కాదు. ఆ అమ్మాయి పదో తరగతి పాసై వెళ్లిపోయే ముందు రాసి వెళ్లింది.

‘పోయింది అని ఎవరైనా అంటే, ఏ లైను చూసి అంటున్నారో అడగాలి.’